క్లౌడ్ డాక్యుమెంట్లు ఎవరి ల్యాప్‌టాప్ చూసి రాస్తున్నారు?

నల్లతెర

నిన్న రాత్రి రెండున్నర గంటలు ఒక్క కమాండ్ మింగేసింది. కడుపు మంటతో రాస్తున్నా, మాట తూలితే ఏమీ అనుకోవద్దు.

పని చాలా చిన్నది. క్లౌడ్‌లో ఉన్న ఒక స్టోరేజ్ మీద మా అప్లికేషన్‌కి చదివే హక్కు ఇవ్వాలి. ఆ కంపెనీ డాక్యుమెంట్లో కమాండ్ ఉంది. కాపీ చేశాను, నా రిసోర్స్ ఐడీ అందులో పెట్టాను, ఎంటర్ కొట్టాను. స్కోప్ (హక్కు వర్తించే చోటు) తప్పు అని ఎర్రర్. ఐడీ మళ్ళీ పోర్టల్‌లోంచి తెచ్చి అక్షరం అక్షరం పోల్చాను. సరిగ్గానే ఉంది. నాకు పర్మిషన్ లేదేమోనని మా అడ్మిన్‌ని నిద్ర లేపాను. ఆయన తన ల్యాప్‌టాప్‌లో అదే లైన్ కొడితే ఒక్క సెకనులో అయిపోయింది! ఆయనది లినక్స్. నాది విండోస్, అందులో లినక్స్ తరహా కమాండ్లు కొట్టడానికి గిట్ బాష్ అనే టెర్మినల్ వాడతాను.

చివరికి ఆ ఎర్రర్ మెసేజ్‌ని కుడివైపుకి జరుపుకుంటూ మొత్తం చదివితే, నా ఐడీకి ముందు ‘సీ:/ప్రోగ్రామ్ ఫైల్స్/గిట్’ అని అతుక్కుని ఉంది. అది నేను టైప్ చేసింది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

పేజీలో మాత్రం ‘టెర్మినల్ తెరిచి ఈ కింది కమాండ్ రన్ చేయండి’ అని ఒక్క ముక్క. ఏ టెర్మినల్? ఈ డాక్యుమెంట్లు రాసేవాళ్ళకి లినక్స్, మ్యాక్ వాళ్ళు సొంత పిల్లలు, విండోస్ వాళ్ళం సవతి పిల్లలం. నాకు ఒక్కడికేనా ఇలా, మీకూ అంతేనా?

రాత్రిడ్యూటీ

ముందు మీ ఐడీకి అతుక్కున్న దెయ్యం సంగతి చెప్తా. అది గిట్ బాష్ చేసిన పని. స్లాష్‌తో మొదలయ్యే మాట దేన్ని చూసినా ‘ఓహో, ఇది లినక్స్ పద్ధతిలో రాసిన ఫైల్ దారి’ అనుకుని, విండోస్ ప్రోగ్రామ్‌కి ఇచ్చే ముందు దాన్ని విండోస్ దారిగా మార్చేస్తుంది. గిట్ బాష్ దృష్టిలో రూట్ అంటే తను ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరే. అందుకే ప్రోగ్రామ్ ఫైల్స్ వచ్చి ముందు కూర్చుంది. మీ రిసోర్స్ ఐడీ స్లాష్‌తో మొదలవుతుంది కదా, దొరికిపోయారు. స్లాష్‌తో పేర్లు పెట్టే ప్యారామీటర్ స్టోర్లతో కూడా ఇదే గొడవ.

మందు: ఆ కమాండ్‌కి ముందు ‘ఎంఎస్‌వైఎస్_నో_పాత్‌కన్వ్=1’ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టి రన్ చేయండి. లేదా అదే కమాండ్‌ని విండోస్ సొంత షెల్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్) అయిన పవర్‌షెల్‌లో కొట్టండి, అక్కడ ఈ మార్పిడి ఉండదు.

మీరు తిట్టింది సగం న్యాయమే. లినక్స్ షెల్ పేరు ‘బాష్’ అని రాసి వదిలేస్తే గిట్ బాష్ వాడేవాడు అది తన కోసమే అనుకుంటాడు. పేరు ఒకటే, ప్రవర్తన వేరు.

పెంగ్విన్‌పిల్ల

సవతి పిల్లలు మీరా? కాస్త ఆగండి మాస్టారూ. పదకొండేళ్ళుగా నా మెషీన్లో లినక్స్ తప్ప వేరే ఓఎస్ లేదు. పోయిన నెల ఒక క్లౌడ్ సర్వీస్ మొదటి పాఠం తెరిచాను. మొదటి అడుగు: విజువల్ స్టూడియో తెరవండి. రెండో అడుగు: ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి పబ్లిష్ నొక్కండి. లినక్స్‌కి ఆ విజువల్ స్టూడియోనే లేదు! విజువల్ స్టూడియో కోడ్ వేరు, ఇది వేరు. కమాండ్‌తో చేసే దారి ఎక్కడుందా అని వెతికితే పేజీ అడుగున ‘ఇవి కూడా చూడండి’ కింద ఒక లింకు.

ఇంకో పేజీలో కమాండ్‌కి ఒక్కో షెల్‌కి ఒకటి చొప్పున మూడు ట్యాబులున్నాయి, సంతోషం. కానీ కింద ‘సమస్యలు వస్తే’ అన్న భాగంలో ఈవెంట్ వ్యూయర్ తెరవమన్నాడు, సర్వీసెస్ విండోలో రీస్టార్ట్ చేయమన్నాడు. అంటే పని సవ్యంగా జరిగినంత సేపే మేం గుర్తున్నాం. ఆగిపోతే మమ్మల్ని మర్చిపోయారు.

పాతకాపు

ఇద్దరిదీ నిజమే. ఏ క్లౌడ్ ఎక్కడ పుట్టిందో ఆ పుట్టుమచ్చలు దాని డాక్యుమెంట్ల మీద ఉంటాయి.

అమెజాన్ సర్వర్లు అద్దెకిచ్చే ఈసీ2 సర్వీస్ 2006లో వచ్చినప్పుడు అందులో నడిచేది లినక్స్ ఒక్కటే. విండోస్ 2008 అక్టోబరులో చేరింది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ 2010లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని పేరే విండోస్ అజూర్. లినక్స్ వర్చువల్ మెషీన్లు 2012లో వచ్చాయి. పేరులోంచి విండోస్ పోయి మైక్రోసాఫ్ట్ అజూర్ అయింది 2014లో. పేరు ఒక్క రోజులో మారుతుంది గానీ అప్పటికే రాసిన వేల పేజీలు మారవు కదా. కొత్త పేజీ రాసేవాళ్ళు కూడా పాత పేజీని మూసగా పెట్టుకునే రాస్తారు. ఇప్పుడు అజూర్‌లో కస్టమర్లు వాడే కోర్లలో 60 శాతానికి పైగా లినక్సే నడుపుతున్నాయని మైక్రోసాఫ్టే చెబుతోంది. అయినా కొన్ని పేజీల్లో ఆ పాత వాసన పోలేదు.

అయితే ఈ 60 శాతం లెక్క చూపించి ‘కాబట్టి బాష్ ఒక్కటి రాస్తే చాలు’ అనేవాళ్ళూ ఉన్నారు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. అది సర్వర్ల లెక్క. డాక్యుమెంట్ చదివే మనిషి సర్వర్ ముందు కూర్చుని చదవడం లేదు. డెవలపర్ల ప్రశ్నల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో ఏటా చేసే సర్వేలు చూడండి, డెవలపర్లు ఎక్కువగా వాడేది విండోసే. సర్వర్ ఓఎస్ ఒకటి, చదివేవాడి ల్యాప్‌టాప్ ఓఎస్ ఇంకొకటి, రాసినవాడి ల్యాప్‌టాప్ ఓఎస్ వేరొకటి. నన్నడిగితే పేజీ మీద ఎక్కువగా కనిపించేది ఆ మూడోది.

సెమికోలన్

ఇంత చర్చ ఎందుకు బ్రో. విండోస్ వాళ్ళు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి, గొడవ వదిలిపోతుంది.

నల్లతెర

ఆఫీసు ల్యాప్‌టాప్ బ్రో. వర్చువలైజేషన్ ఆఫ్ చేసి బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టారు. అడ్మిన్ హక్కు కావాలంటే టికెట్ పెట్టాలి, టికెట్‌కి మేనేజర్ ఓకే చెప్పాలి, మేనేజర్ ‘నీకెందుకు లినక్స్’ అని అడుగుతాడు. ‘డాక్యుమెంట్లో ఉన్న కమాండ్ నడవడం లేదు సార్’ అంటే నమ్ముతాడా?

రాత్రిడ్యూటీ

డబ్ల్యూఎస్ఎల్ ఉన్నా కథ పూర్తిగా కంచికి చేరదు. లోపల హోమ్ ఫోల్డర్ వేరు, బయట వేరు. క్లౌడ్ లాగిన్ రెండు చోట్లా చేసుకోవాలి. విండోస్ వైపు ఉన్న కీ ఫైల్‌ని లోపలి నుంచి వాడుతూ, ఫైల్ పర్మిషన్లు మార్చే ‘సీహెచ్‌మాడ్ 400’ కొడితే, మామూలు సెట్టింగులతో ఉన్న డబ్ల్యూఎస్ఎల్‌లో అది ఎర్రర్ ఇవ్వదు, కానీ చదివే హక్కు అందరికీ అలాగే ఉండిపోతుంది. దూరంగా ఉన్న మెషీన్లోకి లాగిన్ చేసే ఎస్ఎస్‌హెచ్ మాత్రం ‘నీ కీ అందరికీ కనిపిస్తోంది, నేను వాడను’ అని మొండికేస్తుంది. కీని లోపలి హోమ్‌లోకి కాపీ చేసుకోవాల్సిందే.

అసలు ఆ సీహెచ్‌మాడ్ లైన్ ఎన్ని వర్చువల్ మెషీన్ పాఠాల్లో ఉందో లెక్కే లేదు. విండోస్ 10లో 2018 నుంచి ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ లోపలే వస్తోంది, ఆ కోపం కూడా యథాతథంగా వచ్చింది. కానీ సీహెచ్‌మాడ్ రాలేదు. అక్కడ ‘ఐక్యాకల్స్’ అనే కమాండ్‌తో వారసత్వంగా వచ్చిన పర్మిషన్లు తీసేసి, మన యూజర్ ఒక్కడికే చదివే హక్కు ఇవ్వాలి. ఈ ఒక్క లైన్ చాలా పాఠాల్లో కనిపించదు. రోజూ ఎవరో ఒకరు దీని దగ్గరే ఆగిపోతుంటారు.

కొత్తగావచ్చా

నమస్తే అండి, ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నల్లతెర గారి పోస్ట్ చదివి ధైర్యం వచ్చింది.

క్లౌడ్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలు. పాఠంలో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోండి’ అని ‘ఎక్స్‌పోర్ట్’ కమాండ్ ఇచ్చారు. నా కమాండ్ ప్రాంప్ట్‌లో అది లేదంది. వెతికితే విండోస్‌లో ‘సెట్’ వాడాలని తెలిసింది. చూడటానికి చక్కగా ఉంటుందని సమానం గుర్తుకి అటూ ఇటూ ఒక్కో ఖాళీ వదిలి రాశాను. ఎర్రర్ రాలేదు. అయిపోయిందనుకున్నాను. ప్రోగ్రామ్ మాత్రం ‘డేటాబేస్ అడ్రస్ ఇవ్వలేదు’ అంటూనే ఉంది. మూడు రోజులు!

తర్వాత ఒక అక్క చూసి చెప్పింది. అలా రాస్తే వేరియబుల్ పేరులోనే చివర ఒక ఖాళీ చేరిపోతుందట. ప్రోగ్రామ్ అడిగే పేరు వేరు, నేను పెట్టిన పేరు వేరు, తేడా ఒక్క ఖాళీ. విలువ చుట్టూ కోట్స్ పెడితే ఆ కోట్స్ కూడా విలువలో కలిసిపోతాయట.

ఆ మూడు రోజులూ నేను దీనికి పనికిరానేమో అనుకున్నాను. పాఠం వేరే కంప్యూటర్ కోసం రాశారన్న ఆలోచనే రాలేదు. అలా అని పేజీలో ఎక్కడా లేదు కదండి.

పెంగ్విన్‌పిల్ల

మీ తప్పేం లేదు తల్లీ. ఆ ఖాళీ నన్నూ ఏడిపించేది, నేను వేరే పడవలో ఉండబట్టి బతికిపోయాను.

డాక్స్‌దాసు

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, తప్పు ఒప్పుకుందామని. టెక్నికల్ రైటర్‌ని. ఏ కంపెనీ అని అడగొద్దు.

ఈ పేజీలు ఎలా పుడతాయో చెప్తాను. ఫీచర్ చేసిన ఇంజినీర్ తన టెర్మినల్‌లో రన్ చేసిన కమాండ్ నాకు పంపుతాడు. అది పని చేసింది కాబట్టే పంపాడు. దాన్ని నేను నా మెషీన్లో ఒకసారి చూస్తాను. మా ఇద్దరివీ ఒకే రకం మెషీన్లు అయితే తప్పు బయటపడే దారే లేదు. తర్వాత ‘పవర్‌షెల్ ట్యాబ్ కూడా ఉండాలి’ అని రూల్ గుర్తొస్తుంది. రిలీజ్ రేపు. అప్పుడేం చేస్తాం? బాష్ ముక్కని అటు కాపీ చేసి, కమాండ్ కింది లైన్లో కొనసాగుతుందని చెప్పడానికి లైన్ చివర ఉన్న బ్యాక్‌స్లాష్ తీసి బ్యాక్‌టిక్ పెడతాం. కమాండ్ ప్రాంప్ట్ ట్యాబ్ ఉంటే అక్కడ టోపీ గుర్తు పెడతాం. ట్యాబులు మూడు, రన్ చేసింది ఒకటి. చదివేవాళ్ళు మూడూ చూసి ‘అబ్బ, అందరినీ పట్టించుకున్నారు’ అనుకుంటారు.

అసలు ప్రమాదం లైన్ చివర లేదు, లోపలి కోట్స్‌లో ఉంది. కమాండ్‌కి చిన్న జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) ముక్క ఇవ్వాలనుకోండి. బాష్‌లో మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టి లోపల డబుల్ కోట్స్ వాడతాం, హాయిగా వెళ్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌కి సింగిల్ కోట్ అంటే కోటే కాదు, మామూలు అక్షరం. మధ్యలో ఖాళీ ఉంటే అక్కడే ముక్కలవుతుంది. పవర్‌షెల్ సింగిల్ కోట్‌ని గౌరవిస్తుంది, కానీ పాత వెర్షన్లలో బయటి ప్రోగ్రామ్‌కి అందించేటప్పుడు లోపలి డబుల్ కోట్స్ రాలిపోతాయి. అవతల ప్రోగ్రామ్‌కి చేరేది కోట్స్ లేని జేసన్. అది ‘చెల్లని జేసన్’ అంటుంది, మనం స్క్రీన్ మీద చూస్తే చక్కటి జేసనే కనిపిస్తుంది. 2022లో వచ్చిన పవర్‌షెల్ 7.3లో దీన్ని సరిచేశారు. కానీ బ్యాచ్ ఫైళ్ళకి పాత పద్ధతే ఉంచారు. విండోస్‌లో అజూర్ కమాండ్ టూల్ ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది బ్యాచ్ ఫైలే. అంటే కొత్త పవర్‌షెల్ వేసుకున్నా దానికి పాత తిప్పలే.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఒకటుంది. జేసన్‌ని కమాండ్ లైన్‌లో రాయను. ఒక ఫైల్లో పెట్టించి ఆ ఫైల్ పేరు ఇమ్మంటాను. అమెజాన్ టూల్‌కి ఫైల్ అని చెప్పే ముందుమాట ఉంది, అజూర్ టూల్‌కి ఎట్ గుర్తు ఉంది. పవర్‌షెల్‌లో మాత్రం ఆ ఎట్ గుర్తుతో సహా పేరుని కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే తన సొంత గుర్తు అనుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో ఆ పేజీ మీద ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

సెమికోలన్

దాసు గారూ, మరి అందరికీ పవర్‌షెల్ ఒక్కటే రాస్తే పోదా? అది ఇప్పుడు లినక్స్‌లో, మ్యాక్‌లో కూడా నడుస్తుంది కదా. 2016 నుంచి ఓపెన్ సోర్స్.

పెంగ్విన్‌పిల్ల

నడుస్తుంది, ఒప్పుకుంటా. అజూర్ క్లౌడ్ షెల్‌లో పవర్‌షెల్ ఎంచుకున్నా అడుగున నడిచేది లినక్సే. కాబట్టి పవర్‌షెల్ కనిపించగానే ‘విండోస్ పక్షపాతం’ అని అరవడం మా వాళ్ళ తప్పు. నేనూ అరిచినవాడినే.

కానీ రాసేవాళ్ళు పవర్‌షెల్ అని పేరు పెట్టి విండోసే రాస్తారు. ‘సీ:\టెంప్’లో ఫైల్ పెట్టు అంటారు. హోమ్ ఫోల్డర్ కోసం యూజర్‌ప్రొఫైల్ వేరియబుల్ వాడతారు. లినక్స్‌లో ఆ వేరియబుల్ లేదు, ఖాళీగా వస్తుంది. ఖాళీ పక్కన ‘/.ఎస్ఎస్‌హెచ్’ అతికిస్తే ఏమవుతుంది? నేరుగా రూట్ కింద ఫోల్డర్ చేయబోతుంది. పర్మిషన్ లేకపోతే ఎర్రర్ వచ్చి బతికిపోతాం. కంటైనర్‌లో (యాప్‌ని విడిగా నడిపే పెట్టె) రూట్ యూజర్‌గా ఉంటే నిజంగానే అక్కడ చేసి కూర్చుంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా ఉంటుంది లినక్స్‌లో. యూజర్‌ప్రొఫైల్ బదులు ‘హోమ్’ అనే పవర్‌షెల్ సొంత వేరియబుల్ రాస్తే మూడు చోట్లా నడుస్తుంది.

రాత్రిడ్యూటీ

పవర్‌షెల్ అన్న పేరులోనే రెండున్నాయి. విండోస్‌తో పాటు వచ్చేది 5.1, మనం విడిగా వేసుకునేది 7. డాక్యుమెంట్లో ‘పవర్‌షెల్’ అని ఉంటే కొత్తవాళ్ళు తెరిచేది 5.1. రెండు ఆంపర్‌సాండ్లతో రెండు కమాండ్లు కలిపి రాస్తే 5.1లో అది సింటాక్స్ ఎర్రర్, 7లో నడుస్తుంది. వెబ్ నుంచి డేటా తెచ్చే ‘కర్ల్’ పేరు కొడితే 5.1లో అసలు కర్ల్ రాదు, పవర్‌షెల్ సొంత కమాండ్ ఒకటి ఆ ముసుగులో వస్తుంది. దానికి కర్ల్ ఆప్షన్లు ఇస్తే బిక్కమొహం వేస్తుంది. విండోస్‌లో 2018 నుంచి నిజమైన కర్ల్ ఉంది, కానీ 5.1లో చివర ‘.ఈఎక్స్ఈ’ అని కొడితేనే పలుకుతుంది.

ఇవన్నీ అరిచి చచ్చే తప్పులు. చిరాకు తెప్పిస్తాయి, అంతే. నన్ను భయపెట్టేవి నోరు మూసుకుని వేరే పని చేసేవి. కొత్తగావచ్చా గారికి జరిగింది అదే. నాకు జరిగింది చెప్తాను.

పైథాన్ అప్లికేషన్, క్లౌడ్‌లో లినక్స్ మీద బిల్డ్ అవుతుంది. డాక్యుమెంట్లో ఉన్నట్టే, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితాని ‘ఎక్కువ’ గుర్తుతో ఒక టెక్స్ట్ ఫైల్లోకి పంపాను. ఎడిటర్‌లో తెరిచి చూశాను, పేర్లు, వెర్షన్లు అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. కమిట్ చేశాను. క్లౌడ్‌లో బిల్డ్ ఫెయిల్. మెసేజ్‌లో మొదటి ప్యాకేజీ పేరు చెల్లదట, పేరులో అక్షరాల మధ్య చెత్త. నా మెషీన్లో చూస్తే చెత్త లేదు. రాత్రి ఒంటిగంటకి ఫైల్ సైజు చూశాను. ఇరవై లైన్ల ఫైల్‌కి ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు ఉంది. అప్పుడు లైట్ వెలిగింది. పవర్‌షెల్ 5.1లో ఆ గుర్తుతో ఫైల్ రాస్తే అది యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో రాస్తుంది. ప్రతి అక్షరం పక్కన ఒక సున్నా బైట్. ఎడిటర్ తెలివైంది కాబట్టి నాకు మామూలుగా చూపించింది. వెర్షన్ 6 నుంచి యూటీఎఫ్-8 వస్తుంది.

పేజీలో రాసిన కమాండ్ అక్షరం కూడా తప్పు లేదు. మూడు షెల్స్‌లోనూ నడుస్తుంది. ఒకదాంట్లో మాత్రం వేరే ఫైల్ పుడుతుంది. ఇలాంటిదానికి ట్యాబులు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే మూడు ట్యాబుల్లోనూ అదే లైన్ ఉంటుంది.

పాతకాపు

అదే కోవలో ఇంకోటి. విండోస్ ఎడిటర్‌లో రాసిన స్టార్టప్ స్క్రిప్ట్. లైన్ చివర కనిపించని ఒక అక్షరం ఎక్కువ ఉంటుంది. లినక్స్ మెషీన్‌కి పంపితే మొదటి లైన్ చదివి, బాష్ పేరు చివర ఆ అక్షరాన్ని కూడా కలుపుకుని, అలాంటి ప్రోగ్రామ్ లేదంటుంది. కంటైనర్లో అయితే ‘అలాంటి ఫైల్ లేదు’ అని వస్తుంది, ఫైల్ కళ్ళ ముందే ఉంటుంది. గిట్ రిపోజిటరీలో ‘గిట్‌యాట్రిబ్యూట్స్’ ఫైల్ పెట్టి షెల్ స్క్రిప్టులకి లైన్ ముగింపు ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి) అని తేల్చి చెప్తే తీరిపోతుంది.

అప్లికేషన్ సెట్టింగుల్లో కోలన్ సంగతి కూడా. మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్‌తో రాసే యాప్‌లలో సెక్షన్, పేరు మధ్య కోలన్ పెట్టడం అలవాటు. లినక్స్ మీద నడిచే యాప్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చేటప్పుడు కోలన్ బదులు రెండు అండర్‌స్కోర్లు పెట్టాలి. రెండు అండర్‌స్కోర్లు విండోస్‌లోనూ నడుస్తాయి. అలాంటప్పుడు అన్ని పేజీల్లో అదే రాయొచ్చుగా!

యాపిల్‌చెట్టు

అందరూ కొట్టుకుంటున్నారు, మా మ్యాక్ వాళ్ళ ఊసే లేదు. మొదటి పోస్టులోనే మమ్మల్ని సొంత పిల్లల్లో కలిపేశారు. చూడండి మా వైభోగం.

ట్యాబ్ పేరు ఎప్పుడూ ‘లినక్స్ / మ్యాక్‌ఓఎస్’. మధ్యలో ఒక గీత. ఆ గీత పెట్టినవాడు మ్యాక్‌లో రన్ చేసి ఉండడు. ఫైల్లో ఒక మాట మార్చడానికి ‘సెడ్’కి ‘-ఐ’ ఇస్తారు. లినక్స్‌లో అది చాలు. మ్యాక్‌లో ఉన్న సెడ్ వేరే వంశం, ఆ ‘-ఐ’ తర్వాత బ్యాకప్‌కి తోక పేరు అడుగుతుంది. ఇవ్వకపోతే మనం రాసిన మార్పునే తోక పేరు అనుకుంటుంది. టోకెన్ గడువు లెక్కకట్టడానికి ‘డేట్’కి ‘-డి’ ఇస్తారు, మా డేట్‌ దగ్గర అది అలా నడవదు. మ్యాక్‌తో వచ్చే బాష్ వెర్షన్ 3.2, అంటే 2006 నాటి సరుకు. లైసెన్స్ మారిందని యాపిల్ అక్కడే ఆగిపోయింది. 2019 నుంచి టెర్మినల్ తెరిస్తే వచ్చేది జెడ్‌షెల్. బాష్ 4 తర్వాత వచ్చిన వసతులు వాడి రాసిన స్క్రిప్ట్ మా దగ్గర మొదటి పది లైన్లలోనే చతికిలబడుతుంది.

2020లో ఎమ్1 చిప్ వచ్చాక ఇంకో ముచ్చట. డాక్యుమెంట్లో ఉన్నట్టే డాకర్ ఇమేజ్ (కంటైనర్‌కి మూస) బిల్డ్ చేశాను, నా దగ్గర బంగారంలా నడిచింది, క్లౌడ్‌కి పంపాను, అక్కడ ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’. నా చిప్ ఆర్మ్ రకం, అక్కడిది ఇంటెల్ రకం. బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్ ఏదో చెప్పాలని పేజీలో లేదు. రాసినవాడి మెషీన్లో చెప్పాల్సిన అవసరం పడలేదు మరి.

సెమికోలన్

సరే, నేనే ఓడిపోయా. కానీ ఇప్పుడు ఎవరు చదువుతున్నారు డాక్యుమెంట్లు? ఏఐని అడిగితే మన షెల్‌కి తగ్గట్టు ఇచ్చేస్తుంది. లేదంటే బ్రౌజర్‌లో క్లౌడ్ షెల్ తెరుచుకోండి, అందరికీ ఒకటే.

రాత్రిడ్యూటీ

ఏఐకి ‘నాది పవర్‌షెల్ 5.1’ అని చెప్తే ఇస్తుంది. చెప్పకపోతే నాకు వచ్చేది ఎక్కువసార్లు బాషే. అది చదువుకున్నది కూడా ఈ పేజీలే కదా. పైగా ‘నాది 5.1’ అని చెప్పడానికి మనకి రెండు పవర్‌షెల్స్ ఉన్నాయని ముందు తెలియాలి.

క్లౌడ్ షెల్ ఒకటీ రెండు కమాండ్లకి బాగుంటుంది. నా ప్రాజెక్ట్ ఫైళ్ళు, కీలు, ప్రాక్సీ అన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. అజూర్‌ది ఇరవై నిమిషాలు కదలకపోతే సెషన్ మూసేస్తుంది. ఫోన్ వచ్చి మాట్లాడి వచ్చేసరికి వేరియబుల్స్ గల్లంతు.

డాక్స్‌దాసు

అందరికీ సరిపోయే పేజీ రాయడం కుదరదు, ఆ మాట నిజాయితీగా చెప్తున్నా. ప్రతి ట్యాబ్ ఒక అద్దె ఇల్లు లాంటిది, నెల నెలా కట్టాలి. టూల్ వెర్షన్ మారినప్పుడల్లా మూడూ రన్ చేయాలి. మేం కట్టలేకపోతున్నాం. అందుకే నా పోరాటం ట్యాబుల కోసం కాదు, ఒక్క లైన్ కోసం: ‘ఈ కమాండ్లు ఫలానా షెల్, ఫలానా వెర్షన్‌లో రన్ చేసి చూశాం.’ అంతే.

ఇది ఎక్కడా లేని కోరికేం కాదు. గూగుల్ క్లౌడ్ పేజీలు చాలావాటిలో ట్యాబ్ మీద ‘విండోస్’ అని వదిలేయకుండా పవర్‌షెల్ విడిగా, కమాండ్ ప్రాంప్ట్ (సీఎండీ) విడిగా రాస్తారు. అమెజాన్ కమాండ్ టూల్ రిఫరెన్స్‌లో ఉదాహరణలకి ముందే ‘వేరే చెప్పకపోతే ఇవన్నీ యూనిక్స్ కోటింగ్ పద్ధతిలో ఉన్నాయి, మీ టెర్మినల్‌కి తగ్గట్టు మార్చుకోండి’ అన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. పక్షపాతం ఉంది, కానీ బోర్డు పెట్టి మరీ ఉంది. నాకది నయం అనిపిస్తుంది. విండోస్ వాడు కనీసం తన మీద తను అనుమానపడడు.

మీ వైపు నుంచి చేయగలిగింది ఒకటి. ఫిర్యాదు రాసేటప్పుడు ‘విండోస్‌లో పని చేయడం లేదు’ అని రాయకండి, అది నా క్యూలో మూలుగుతుంది. షెల్ పేరు, వెర్షన్, మీరు కొట్టిన లైన్, వచ్చిన మెసేజ్, మీ దగ్గర నడిచిన లైన్. ఇవి ఉంటే పది నిమిషాల పని. మైక్రోసాఫ్ట్ పేజీలు చాలావరకు గిట్‌హబ్‌లో ఉన్నాయి, నేరుగా మార్పు పంపొచ్చు. అమెజాన్ తన డాక్యుమెంట్ రిపోజిటరీలు చాలావాటిని 2023లో మూసేసింది, అక్కడ పేజీ మీద ఉన్న ఫీడ్‌బ్యాక్ లింకే దిక్కు.

కొత్తగావచ్చా

వెర్షన్ ఎలా చూడాలండి?

రాత్రిడ్యూటీ

పవర్‌షెల్ అయితే డాలర్ గుర్తు పెట్టి ‘పీఎస్‌వెర్షన్‌టేబుల్’ కొట్టండి. బాష్ అయితే ‘బాష్ --వెర్షన్’. డాలర్ లైన్ కొడితే ‘అలాంటి కమాండ్ లేదు’ అన్నట్టు వస్తే మీరున్నది కమాండ్ ప్రాంప్ట్.

నల్లతెర

మొదటి పోస్టులో ఆవేశపడ్డాను, సారీ పెంగ్విన్ గారూ. మ్యాక్ వాళ్ళకీ సారీ.

దాసు గారు చెప్పినట్టే ఆ పేజీకి ఫిర్యాదు పంపాను. గిట్ బాష్ వెర్షన్, నేను కొట్టిన లైన్, ముందు అతుక్కున్న దారి, నడిచిన లైన్ అన్నీ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా మా టీమ్ సొంత సెటప్ పేజీ తెరిచి చూశాను. రాసింది నేనే, రెండేళ్ళ కింద. సిగ్గేసింది. అందులో ఉన్న కమాండ్లన్నీ గిట్ బాష్‌లో నేను నడిపినవే, ఆ మాట ఎక్కడా లేదు. మా లినక్స్ అడ్మిన్ అది వాడకుండా తన సొంత నోట్స్ ఎందుకు పెట్టుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. నిన్నా ఇవాళా కూర్చుని తిరగరాశాను. ప్రతి ముక్క పైన షెల్ పేరు, వెర్షన్. జేసన్ అంతా ఫైళ్ళలోకి. ఫైల్ రాసే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఖాయం చేశాను. పవర్‌షెల్ 5.1, 7 రెండింట్లో రన్ చేశాను, లినక్స్ వర్చువల్ మెషీన్లో ఒకసారి చేశాను. స్టార్టప్ స్క్రిప్ట్‌ని ఒకే లైన్‌గా మార్చే చోట మాత్రం ‘లినక్స్ / మ్యాక్‌ఓఎస్’ కింద ‘బేస్64 -డబ్ల్యూ 0’ పెట్టాను, చిన్నదే కదా అని. ఎవరైనా చూసి తప్పులుంటే చెప్పండి.

యాపిల్‌చెట్టు

ఆ గీత మళ్ళీ పెట్టారు.

నా మ్యాక్‌లో బేస్64కి ‘-డబ్ల్యూ’ అనే ఆప్షన్ లేదు, చెల్లదు అంటోంది. మ్యాక్‌లో అది మామూలుగానే ఒకే లైన్లో ఇస్తుంది, ఆ ఆప్షన్ అక్కర్లేదు. రెండు చోట్లా నడవాలంటే ఆప్షన్ తీసేసి, ఫైల్‌ని ‘తక్కువ’ గుర్తుతో లోపలికి పంపి, వచ్చినదాన్ని ‘టీఆర్ -డి’కి ఇచ్చి లైన్ బ్రేకులు తీసేయించండి.

నల్లతెర

అయ్యో. మా టీమ్‌లో ఎవరి దగ్గరా మ్యాక్ లేదు, అలవాటుగా చెయ్యి అలా రాసేసింది. లైన్ మార్చాను. ట్యాబ్ పేరులోంచి మ్యాక్‌ఓఎస్ ప్రస్తుతానికి తీసేశాను. మిగతా కమాండ్లు మీకు మెసేజ్ చేస్తా, వీలున్నప్పుడు ఒకసారి మీ దగ్గర రన్ చేసి చెప్పండి, అప్పుడు పెడతాను. వెర్షన్ కూడా చెప్పండి, దాన్నీ పైన రాయాలి.